అముర్ ఫాల్కన్: రోజుకు వేల పక్షులను చంపిన ఊరే.. ఒక్క ఏడాదిలో కాపలాగా ఎలా మారింది?

పావురం కంటే చిన్న పక్షి. కానీ సైబీరియా నుంచి దక్షిణాఫ్రికా దాకా ఎగురుతుంది. దారి మధ్యలో మన దేశంలోని నాగాలాండ్‌లో కొన్ని రోజులు ఆగుతుంది. 2012లో అక్కడే ఆ పక్షులకు మృత్యువు ఎదురైంది. వలలు కట్టి, రోజుకు వేల సంఖ్యలో పట్టి చంపారు. విచిత్రం ఏంటంటే.. మరుసటి ఏడాది అదే ఊళ్లో ఒక్క పక్షిని చంపిన దాఖలా లేదు. మధ్యలో ఏం జరిగింది? చట్టం చేయలేని పని ఎవరు చేశారు?

ఏంటీ అముర్ ఫాల్కన్?

ఇది డేగ జాతికి చెందిన వేట పక్షి. బరువు 150 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. అంటే మన ఇళ్ల మీద వాలే పావురం బరువులో దాదాపు సగమే. మగ పక్షి ముదురు బూడిద రంగులో ఉంటుంది. కాళ్లు ఎర్రగా నారింజ రంగులో మెరుస్తుంటాయి. ఆడ పక్షికి తెల్లటి పొట్ట మీద నల్లటి చారలుంటాయి.

రష్యా ఆగ్నేయ ప్రాంతం, ఉత్తర చైనాలో ఇవి గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి. ఆ రెండు దేశాల సరిహద్దులో పారే అముర్ నది పేరే దీనికి వచ్చింది. అక్కడ చలి మొదలవగానే లక్షల పక్షులు గుంపులుగా బయల్దేరతాయి. ఈశాన్య భారతం మీదుగా, అరేబియా సముద్రం దాటి, ఆఫ్రికా దక్షిణ ప్రాంతానికి చేరతాయి. రానూపోనూ కలిపితే ఏడాదికి 20 వేల కిలోమీటర్లకు పైనే ప్రయాణం.

సముద్రం మీద దిగడానికి చోటు ఉండదు కదా. అందుకే ముందుగానే కడుపు నింపుకోవాలి. అక్టోబర్, నవంబర్ నెలల్లో నాగాలాండ్, మణిపూర్ కొండల్లో ఉసుళ్లు విపరీతంగా లేస్తాయి. ఈ పక్షులు వాటిని తిని, ఒంట్లో కొవ్వు నిల్వ చేసుకుంటాయి. ఆ కొవ్వే వాటికి ఇంధనం. తూనీగలు కూడా ఇదే కాలంలో హిందూ మహాసముద్రం దాటి వెళ్తాయి. దారిలో వీటికి అవే ఆహారం అవుతాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

2012లో అసలేం జరిగింది?

నాగాలాండ్‌లోని వోఖా జిల్లాలో దోయాంగ్ అనే జలాశయం ఉంది. జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం కట్టిన ఈ డ్యామ్ వల్ల చుట్టుపక్కల ఊళ్ల పొలాలు నీట మునిగాయి. పాంగ్తి అనే ఊరు కూడా అలా భూములు పోగొట్టుకుంది. పొలం పోయిన చాలామంది చేపల వేటకు మళ్లారు. ఇంతలో జలాశయం పక్కనున్న అడవిలో అముర్ ఫాల్కన్లు భారీగా వాలడం మొదలైంది. చేపల కోసం కొన్న వలలే పక్షులకు ఉరితాళ్లయ్యాయి.

పద్ధతి సులువే. పక్షులు రాత్రిపూట గుంపుగా నిద్రపోయే చెట్ల మధ్య, ఎత్తులో వలలు కట్టేవాళ్లు. సాయంత్రం వాలేటప్పుడు, తెల్లవారి లేచేటప్పుడు వందల పక్షులు వాటిలో చిక్కుకునేవి. వాటిని ప్రాణాలతోనే దోమతెరల్లో, సంచుల్లో కుక్కేవాళ్లు. తర్వాత ఈకలు పీకి, పొగబెట్టి, చుట్టుపక్కల ఊళ్లలో, పట్టణాల్లో మాంసంగా అమ్మేవాళ్లు.

2012 అక్టోబర్‌లో పాత్రికేయురాలు బానో హరాలు, కన్జర్వేషన్ ఇండియాకు చెందిన రాంకీ శ్రీనివాసన్, పరిశోధకుడు శశాంక్ దాల్వీ తదితరులు అక్కడికి వెళ్లారు. చూసిందంతా కెమెరాలో బంధించారు. వలల సంఖ్య, ఒక్కో వలలో పడే పక్షుల సంఖ్య లెక్కగట్టి.. రోజుకు 12 వేల నుంచి 14 వేల పక్షులు చనిపోతున్నాయని అంచనా వేశారు. వేట జోరుగా సాగేది సుమారు 10 రోజులు. అంటే ఒక్క సీజన్‌లోనే 1.2 లక్షల నుంచి 1.4 లక్షల పక్షులు!

ఆ చిన్న వీడియో బయటకు రాగానే ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. అధికారులు రంగంలోకి దిగి వలలు తీయించారు. ఇంకా ప్రాణాలతో ఉన్న పక్షులను వదిలిపెట్టించారు.

చట్టం ఉంది కదా.. ఎందుకు ఆపలేకపోయింది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. వలస జాతుల పరిరక్షణకు కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ 1983 నుంచి భాగస్వామి. అంటే 2012 నాటికే ఈ వేట నేరం. కాగితం మీద ఏ లోటూ లేదు.

మరి లోటు ఎక్కడ? నాగాలాండ్‌లో అడవుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వానిది కాదు. ఊళ్లది, తెగలది, కుటుంబాలది. రాజ్యాంగంలోని 371ఏ అధికరణ అక్కడి ఆచార చట్టాలకు, భూమి హక్కులకు ప్రత్యేక రక్షణ ఇస్తోంది. వేట చట్టం అక్కడా వర్తిస్తుంది. కానీ అడవిలో ఎవరు అడుగుపెట్టాలి, ఏం చేయాలి అన్నది ఆచరణలో తేల్చేది గ్రామ మండలే. ఆ ఊరి మాట లేకుండా గార్డులు వచ్చి ఒక్కరోజు వలలు పీకేస్తే.. మర్నాడు మళ్లీ కడతారు.

ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడివాళ్లకు వేట తరతరాల అలవాటు. ఆకాశం నుంచి ఇన్ని పక్షులు దిగుతుంటే వాళ్లకు అది పంట చేతికొచ్చినట్టే. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎక్కడికి పోతున్నాయో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. పొలం మునిగిన కుటుంబానికి ఆ కొన్ని రోజుల్లో వచ్చే డబ్బు చిన్నదేమీ కాదు.

ఒక్క ఏడాదిలో ఏం మారింది?

కేసులు పెట్టి వదిలేస్తే కథ మారేది కాదు. 2013లో సీజన్ రాకముందే పని మొదలైంది. అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు, చర్చి పెద్దలు ఊరూరా తిరిగారు. వేటగాళ్లతోనే కూర్చుని మాట్లాడారు. పిల్లల కోసం బళ్లలో ఎకో క్లబ్బులు పెట్టారు. ‘అవి మన ఊరికి వచ్చే చుట్టాలు’ అన్న మాట ఇళ్లలోకి వెళ్లింది.

చివరికి పాంగ్తి, ఆశా, సుంగ్రో గ్రామ మండళ్లు స్వయంగా తీర్మానాలు చేశాయి. పక్షిని పట్టినా, చంపినా జరిమానా అని ప్రకటించాయి. నిన్నటిదాకా వలలు కట్టినవాళ్లలో కొందరు కాపలాకు దిగారు. 2013 సీజన్‌లో దోయాంగ్ దగ్గర పక్షులను చంపిన ఘటన ఒక్కటీ నమోదు కాలేదు.

ఈ మార్పు మీద సెసినో యోషు తీసిన ‘ద పాంగ్తి స్టోరీ’ అనే డాక్యుమెంటరీకి పర్యావరణ విభాగంలో జాతీయ చలనచిత్ర పురస్కారం కూడా వచ్చింది.

వీపు మీద 5 గ్రాముల యంత్రం

2013 నవంబర్‌లో మరో పని జరిగింది. వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, విదేశీ నిపుణులు కలిసి మూడు పక్షులకు శాటిలైట్ ట్రాన్స్‌మిటర్లు అమర్చారు. ఒక్కోటి 5 గ్రాములే. సౌరశక్తితో పనిచేస్తాయి. పక్షులకు ‘నాగా’, ‘వోఖా’, ‘పాంగ్తి’ అని పేర్లు పెట్టారు.

ఇవి ఎటు వెళ్తున్నాయో సిగ్నళ్లు చెబుతూ వచ్చాయి. బంగాళాఖాతం, దక్షిణ భారతం, అరేబియా సముద్రం, అక్కడి నుంచి ఆఫ్రికా. అంటే మన తలల మీదుగా కూడా ఇవి వెళ్తున్నాయన్నమాట! ఐదారు రోజుల్లో 5 వేల కిలోమీటర్లకు పైగా, ఎక్కడా ఆగకుండా ప్రయాణం.

సైన్స్‌కు దీంతో కొత్త సమాచారం దొరికింది. ఊరికి మాత్రం అంతకంటే పెద్దదే దక్కింది. తమ ఊరి పేరు పెట్టుకున్న పక్షి సముద్రం దాటిందని, మళ్లీ తిరిగొస్తోందని తెలిశాక.. దాన్ని కూర వండుకోవాలని ఎవరికి అనిపిస్తుంది?

మరి వేట పూర్తిగా ఆగిందా?

లేదనే చెప్పాలి. 2018 నవంబర్‌లో మణిపూర్‌లోని తామెంగ్‌లాంగ్ జిల్లాలో రెండు పక్షులకు ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. వాటిలో ‘మణిపూర్’ అనే పక్షి కొద్ది రోజులకే చనిపోయి కనిపించింది. వేటగాళ్ల చేతిలోనే ప్రాణం పోయింది. అక్కడ కూడా ఊళ్లు ఈ పక్షుల రక్షణకు ముందుకొచ్చాయి, పండుగ కూడా చేస్తున్నాయి. సీజన్ వస్తే ఎయిర్ గన్‌లు అప్పగించాలని అధికారులు ఆదేశాలిస్తున్నారు. అయినా ఒక్క తుపాకీ చాలు.

ఇంకో ప్రశ్న డబ్బుది. వేట మానేసిన కుటుంబానికి ఆదాయం ఎక్కడి నుంచి రావాలి? పర్యాటకులు వస్తారు, హోమ్‌స్టేలు నడుస్తాయి అన్నది ఆశ. కానీ సీజన్ కొన్ని వారాలే. రోడ్లు అంతంతమాత్రం. వచ్చే సొమ్ము అందరి ఇళ్లకూ చేరదు. పక్షుల కోసం ఆదాయం వదులుకున్నవాళ్లను మర్చిపోతే.. ఆ తీర్మానాలు ఎంతకాలం నిలబడతాయన్నదే అసలు సమస్య.

లక్షల్లో ఉన్నాయి కదా.. భయమెందుకు?

నిజమే, అముర్ ఫాల్కన్ ఇప్పటికైతే అంతరించిపోతున్న జాతుల జాబితాలో లేదు. కానీ లక్షల పక్షులు ఒకే చోట నిద్రపోతాయి. అక్కడ దెబ్బ పడితే మొత్తం జాతికే దెబ్బ.

‘బోలెడున్నాయిలే’ అనుకుంటే ఏమవుతుందో రాబందులను అడగాలి. 1980ల్లో మన దేశంలో తెల్లవీపు రాబందులు లక్షల్లో ఉండేవి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి ఒంట్లోకి చేరి, మూత్రపిండాలు పాడుచేసింది. రెండు దశాబ్దాలు తిరక్కుండానే 99 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు కనిపిస్తే అది పెద్ద వార్త అయ్యింది. ఒకప్పుడు ఊరూరా కనిపించిన పక్షి గతి ఇది.

మన దగ్గర కనిపిస్తే ఏం చేయాలి?

చట్టం దృష్టిలో వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. వల వేయడం, ఉచ్చు పెట్టడం, విషం కలిపిన ఎర వేయడం, గుడ్లు లేదా గూళ్లు పాడుచేయడం.. ఇవన్నీ వేట కిందకే వస్తాయి. కుక్కలను చంపడానికి కళేబరానికి విషం పూసినా, దాన్ని తినే రాబందులు, గద్దలు చనిపోతాయి. దీపావళి ముందు క్షుద్రపూజల పేరుతో గుడ్లగూబలను పట్టి అమ్మడం కూడా నేరమే. 2022 సవరణ తర్వాత, మొదటి షెడ్యూల్‌లో ఉన్న ప్రాణులను వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా ఉంటుంది.

అందుకే వలలు, ఉచ్చులు, పంజరాల్లో గద్దలు కనిపిస్తే మీరే వెళ్లి గొడవ పడొద్దు. దూరం నుంచి ఫొటో లేదా వీడియో తీయండి. చోటు, సమయం రాసుకోండి. వెంటనే అటవీ శాఖకు చెప్పండి. పక్షులు గూడు కట్టిన చోటును మాత్రం లొకేషన్‌తో సహా సోషల్ మీడియాలో పెట్టొద్దు. అది వేటగాళ్లకు దారి చూపించినట్టే అవుతుంది.

దోయాంగ్ కథను కదిలించింది ఒక వీడియోనే. అయితే పక్షులను కాపాడింది మాత్రం ఆ వీడియో చూసి తిట్టిపోసినవాళ్లు కాదు. తర్వాత ఊళ్లోకి వెళ్లి మాట్లాడినవాళ్లు, వలలు విప్పేసిన ఆ ఊరివాళ్లు.