అంబాసిడర్ కన్నీళ్లు పెడుతోందా?

పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే కారు కింద చిన్న తడి మరక. ఏసీ నీళ్లనుకుందామంటే ఆ కారులో ఏసీయే లేదు. నాన్నగారి హయాం నాటి అంబాసిడర్ అది! 'కాసిని నీళ్లేగా, మళ్లీ పోస్తే సరి' అనుకుంటారు చాలామంది. పాత ఇంజిన్లు పాడయ్యేది సరిగ్గా అక్కడే.

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో మన రోడ్లెక్కింది అంబాసిడర్. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయింది. ఇష్టంగా దాచుకున్నవాళ్ల ఇళ్లలో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. వాటిలో ఎన్నింటికో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజిన్. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. గట్టి పిండమే కానీ, నీళ్లు లేకుండా వేడెక్కితే హెడ్డు వంకర తిరుగుతుంది. మరిగిపోతున్న ఇంజిన్‌లో గబుక్కున చన్నీళ్లు పోస్తే పగిలినా పగలొచ్చు. పది నిమిషాల్లో బిగించాల్సిన క్లిప్పును పట్టించుకోకపోతే ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుందన్నమాట.

ఎక్కడ కారుతోంది?

ముందు దొంగను పట్టుకోవాలి. రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరచండి. పొద్దున మరక ఎక్కడ పడిందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ముందు భాగంలో పడితే రేడియేటర్, కింది హోస్ పైపు. ఫ్యాన్ కింద పడితే వాటర్ పంపు. ఇంజిన్ పక్క నుంచి కారితే బ్లాక్‌కి ఉండే గుండ్రటి బిళ్లలు.

కొన్ని లీకులు మహా గడుసువి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చుక్క రాలదు. వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగాకే బయటపడతాయి. మెకానిక్‌లు అందుకే ఇంజిన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూతి దగ్గర చేతిపంపు బిగించి ఒత్తిడి పెట్టి చూస్తారు. అన్నట్టు, రేడియేటర్ మూత కూడా ఓ పనిమంతురాలే. అది ఒత్తిడిని పట్టి ఉంచబట్టే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు. దాని రబ్బరు వాచర్ పోతే ఏ లీకూ లేకుండానే నీళ్లు తగ్గిపోతాయి.

ఏది పోతే ఏం చేయాలి?

హోస్ పైపులు: నొక్కితే మెత్తగా ఉబ్బినట్టున్నా, ఎండి పగుళ్లు కనిపించినా మార్చేయడమే. పైపు ఎక్కే లోహపు మూతికి పట్టిన తుప్పు గీకకుండా కొత్తది బిగిస్తే మళ్లీ కారుతుంది.

వాటర్ పంపు: కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి నీళ్లు వస్తుంటే లోపలి సీలు పోయినట్టే. దాన్ని ఎంసీల్‌తో మూయకండి. ఆ రంధ్రం ఉన్నదే హెచ్చరించడానికి! ఇంజిన్ ఆపి ఫ్యాన్ రెక్కను ఊపి చూడండి. లొడలొడలాడితే బేరింగ్ అరిగిపోయింది. ఫ్యాన్ బెల్టు మరీ బిగించినా బేరింగ్ త్వరగా పోతుంది.

బ్లాక్ బిళ్లలు: పోతపోసేటప్పుడు లోపలి ఇసుక తీయడానికి వదిలిన రంధ్రాలకు పెట్టిన మూతలివి. ఏళ్ల తరబడి ఉత్త నీళ్లే పోస్తే లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. ఒకటి పోయిందంటే మిగతావీ అదే దారిలో ఉంటాయి. కుదిరితే అన్నీ ఒకేసారి మార్చడం మేలు.

హెడ్ గ్యాస్కెట్: బయట చుక్క కనిపించకుండానే నీళ్లు తగ్గుతున్నాయా? రేడియేటర్‌లో బుడగలు, వేడెక్కినా తగ్గని తెల్లటి పొగ, పాలు కలిపిన టీలా మారిన ఇంజిన్ ఆయిల్... ఇవన్నీ దాని గుర్తులే. ఇక బండి నడపొద్దు. హెడ్డు విప్పాక సమంగా ఉందో లేదో లేత్ షాపులో చూపించాకే కొత్త గ్యాస్కెట్ వేయించాలి. నట్లను మధ్య నుంచి అంచులకు, విడతలు విడతలుగా, టార్క్ రెంచితోనే బిగించాలి.

పసుపు వైద్యం పనికొస్తుందా?

రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేయడం మన డ్రైవర్లకు తెలిసిన పాత చిట్కా. సన్నటి చిల్లును అది తాత్కాలికంగా మూస్తుంది, నిజమే. కానీ సన్నటి రేడియేటర్ గొట్టాల్నీ మూసేస్తుంది. దారిలో ఇరుక్కుంటే ఇల్లు చేరడానికి సరే. చేరాక మొత్తం కడిగించాల్సిందే. రాగి, ఇత్తడి రేడియేటరైతే చిల్లును టంకం వేసి మూయొచ్చు. అదే పాత బండి అదృష్టం.

మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకంటారా? తుప్పు పట్టకుండా! టంకం వేసిన పాత రేడియేటర్లకు సరిపడే రకమేనా అని డబ్బా మీద చూసి, అందులో చెప్పిన కొలత ప్రకారం డిస్టిల్డ్ వాటర్‌తో కలపండి.

ఒక్క సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయకూడదు. మరిగే నీళ్లు మొహం మీదకు చిమ్ముతాయి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కానీ విషం. నేల మీద ఒలికితే వెంటనే కడిగేయాలి. పిల్లలకూ కుక్కలకూ అందనీయకూడదు. ముందు చూసుకోవాల్సింది వాళ్లను, ఆ తర్వాతే కారును!