రిజిస్టర్ల అంతా బాగనే ఉంటది.. మనిషిని చూసెటోళ్లేరి?

మేధో వైకల్యం ఉన్నోళ్ల కోసం నడిచే సెంటర్లకు తనిఖీకి వచ్చెటోళ్లు అడిగేవి ఎక్కువగ ఒక్క తీరుగనే ఉంటయి. ఎంతమంది ఉన్నరు? హాజరు రిజిస్టర్ ఏది? సర్టిఫికెట్ గోడకు పెట్టిన్రా? ర్యాంపు ఉందా? బాత్రూంలు కడుగుతున్నరా? ఇవన్నీ అడగాల్సినవే. కాని ఆర్నెల్ల కింద అంగి గుండీలు పెట్టుకోరాని మనిషికి ఇప్పుడు పెట్టుకోవస్తున్నదా అని అడిగినోళ్లను నేను చాలా తక్కువ చూసిన. సెంటర్ నడిచేదే ఆ పని కోసం. దాని గురించి అడగకుంటనే తనిఖీ అయిపోతున్నది.

నేను ఒక జిల్లా కేంద్రంల 18 ఏండ్లు దాటినోళ్ల డే సెంటర్‌కు సూపర్‌వైజర్‌గ పనిచేస్తున్న. పొద్దుగాల పదింటికి 32 మంది వస్తరు, సాయంత్రం నాలుగింటికి ఇండ్లకు పోతరు. "సూపర్‌వైజర్ అంటే ఏం చేస్తవ్ మేడం?" అని తల్లిదండ్రులు గూడ అడుగుతరు. ఆయాలు టైంకు వస్తున్నరా లేదా చూసుడే నా పని అనుకుంటరు. అసలు పని ఏందో తెలిస్తేనే ఇసొంటి సెంటర్లను ఎట్ల కొలవాలెనో, సర్కారును ఏం అడగాలెనో తెలుస్తది. అందుకే ఈ నాలుగు మాటలు.

గోలీ లేదు, నేర్పుడు ఉంది

ముందుగాల ఒక సంగతి. మేధో వైకల్యం అంటే పిచ్చి కాదు. మానసిక జబ్బు వేరు, ఇది వేరు. మానసిక జబ్బు ఎవ్వలికైనా, ఏ వయసులనైనా రావచ్చు, మందులతోని తగ్గొచ్చు. మేధో వైకల్యం చిన్నప్పటి సందే ఉంటది. కడుపుల ఉన్నప్పుడో, కాన్పుల కష్టమైనప్పుడో, పుట్టినంక జ్వరం మెదడుకు ఎక్కినప్పుడో ఎదుగుదల దెబ్బతింటే రావచ్చు. చాలామందిల కారణం తెల్వనే తెల్వదు. తెలివితేటల పరీక్షల సుమారు 70 కంటే తక్కువ వచ్చుడు ఒక్కటే దీనికి గుర్తు కాదు. తినుడు, తానం చేసుడు, మాట్లాడుడు, పైసలు లెక్కబెట్టుడు, కిరాణానికి పోయి వచ్చుడు లాంటి పనులు వయసుకు తగ్గట్టు వస్తున్నయా లేదా అన్నది గూడ చూస్తరు. 2011 జనాభా లెక్కల్ల దేశంల 15 లక్షల మందికి పైగా ఈ వైకల్యం ఉన్నట్టు తేలింది. 2016ల వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్ల ఇది ఒకటి.

దీన్ని నయం చేసే గోలీ లేదు. నేర్పుడు మాత్రం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల 1984ల కేంద్రం పెట్టిన జాతీయ సంస్థ పని అదే. ముందు ఎన్ఐఎంహెచ్ అనెటోళ్లు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నరు. ఆ సంస్థ తయారుచేసిన చెక్‌లిస్టులను దేశమంతట స్పెషల్ స్కూళ్లల్ల వాడుతరు. మనిషికి ఇప్పుడు ఏం వచ్చో చూసుడు, తర్వాత ఏం నేర్పాలెనో తేల్చుడు, ఆ పనిని చిన్న చిన్న ముక్కలు చేసి నేర్పుడు, వచ్చిందా లేదా మళ్ల కొలుసుడు. పద్ధతంతా ఈ నాలుగు ముక్కలల్లనే ఉంది.

ప్లాన్ పల్లెంల కనిపించాలె

మా దగ్గర ప్రతి మనిషికి ఒక ప్లాన్ ఉంటది. టీచర్ రాస్తది, నేను చూస్త. "స్వయం సహాయక నైపుణ్యాలు పెంపొందించుట" అని రాస్తే నేను వాపస్ ఇస్త. అది చదవనీకి బాగుంటది, కాని అయ్యిందా కాలేదా ఎవ్వలు చెప్పలేరు. "మూడు నెలలల్ల, మధ్యాహ్నం తన పల్లెం తానే తెచ్చుకొని, అన్నం తానే పెట్టుకొని, వారంల ఐదు రోజులకు నాలుగు రోజులు ఎవ్వలు చెయ్యి పట్టకుంట తినాలె" అని రాయాలె. ఇది అయ్యిందో లేదో ఆ మనిషి తల్లి చెప్తది, వ్యాన్ డ్రైవర్ చెప్తడు, బయటినుంచి వచ్చిన కలెక్టరాఫీసు మనిషి గూడ చూసి చెప్తడు.

చేతులు కడుక్కునుడే తీసుకోండ్రి. మనకు అది ఒక్క పని. మా చార్టుల ఏడు పనులు. నల్లా తిప్పాలె, చేతులు తడపాలె, సబ్బు అందుకోవాలె, రుద్దాలె, నురగ పోయేదాక కడగాలె, నల్లా బంద్ చెయ్యాలె, తుడుసుకోవాలె. ఒక్కో ముక్కకు ఎంత సాయం కావాల్సి వచ్చిందో రాస్తం. చెయ్యి పట్టి చేయించినమా, సైగ చేస్తే చేసిండా, నోటితోని చెప్తే చేసిండా, ఏ సాయం లేకుంట చేసిండా. మూడు నెలల సంది చార్టుల "చెయ్యి పట్టి" అనే ఉంటే "వీనికి రాదు" అని చెయ్యి దులుపుకోవద్దు. ముక్క ఇంకా చిన్నగ చెయ్యాలె, లేకుంటే నేర్పే తీరు మార్చాలె. కొందరికి ఆఖరు ముక్క నుంచి మొదలుపెడితే తొందరగ వస్తది. లాగు మోకాళ్ల దాక మనం తొడిగి, నడుముకు గుంజుకునుడు వాళ్లకు వదిలిపెడితే, పని పూర్తి చేసింది వాళ్లే అయితరు. ఆ సంబురం తెల్లారి ఇంకో ముక్క నేర్పిస్తది. ఇంట్ల తల్లులు గూడ ఇట్ల చెయ్యొచ్చు.

చార్టు ఒక్కటే చూస్తే సరిపోదు. అందుకే రోజూ ఎవ్వలో ఒకరి దగ్గర ఇరవై నిమిషాలు ఏం మాట్లాడకుంట కూసుంట. మా ఆయాలల్ల ఒకామె మస్తు ప్రేమగల మనిషి. 27 ఏండ్ల పిల్లగానికి అన్నం కలిపి ముద్దలు పెడుతుండె. ఎందుకమ్మా అంటే, "లేటయితది మేడం, అరగంటల అందరు తినాలె గదా" అన్నది. ఆమె చెప్పింది నిజం. అరగంటల 32 మంది తినాలంటే ఆమె జాగల ఎవ్వలున్నా అదే చేస్తరు. ఆమెకు మెమో ఇస్తే ఏం లాభం? అన్నం టైం గంట చేసినం, రెండు బ్యాచులు పెట్టినం. నాలుగు నెలలకు ఆ పిల్లగాడు చెంచాతోని తానే తింటున్నడు. పర్యవేక్షణ అంటే నా లెక్కల ఇదే. పని ఎందుకు అయితలేదో చూసి, దానికి అడ్డమొచ్చింది తీసుడు.

కొట్టుకుంటున్నడంటే ఏదో చెప్తున్నడు

ఎక్కువ గొడవ అయ్యేది ప్రవర్తన దగ్గర. ఒక పిల్లగాడు నెత్తి గోడకు కొట్టుకుంటడు. మొండితనం అంటరు కొందరు, గాలి సోకిందంటరు ఇంకొందరు. మాటలు రానోళ్లకు ఒళ్లే నోరు. అందుకే ముందుగాల నొప్పి ఉందా చూస్తం. పన్ను పుచ్చిందా, చెవుల చీము పట్టిందా, నాలుగు రోజుల సంది దొడ్డికి పోలేదా, ఫిట్స్ గోలీలు మార్చిన్రా? ఇవేం చూడకుంట ప్రవర్తన మార్చుతమంటే నొప్పితోని ఉన్న మనిషిని నోరు మూసుకొమ్మన్నట్టే.

దవాఖానల చూపించినంక ఏం లేదని తేలితే అప్పుడు రాసుడు మొదలుపెడ్తం. కొట్టుకోకముందు ఏం జరిగింది, ఎట్ల కొట్టుకున్నడు, ఆ తర్వాత మనమేం చేసినం. ఈ పిల్లగానివి రెండు వారాలు రాసి చూస్తే ఒక లెక్క కనిపించింది. ఎప్పుడు కొట్టుకున్నా కాగితం కవర్లు అంటించే బల్ల దగ్గరనే, పని మొదలైన అరగంటకే. కొట్టుకోంగనే ఎవ్వలో ఒకరు బయటికి తీస్కపోతున్నరు. అంటే బయటికి పోవాలంటే నెత్తి కొట్టుకోవాలె అని మేమే నేర్పుతున్నట్టయితున్నది. చెట్టు బొమ్మ ఉన్న కార్డు ఒకటి ఆయన చేతికిచ్చినం. అది చూపిస్తే చాలు, వెంటనే బయటికి. మొదటి వారం రోజుకు పదిసార్లు చూపించిండు, పదిసార్లు తీస్కపోయినం. తర్వాత మెల్లగ "ఇంకో రెండు కవర్లు చేసి పోదాం" అన్నం. ఇప్పుడు కొట్టుకునుడు మొత్తం బంద్ కాలేదు గని వారంల ఒకటి రెండుసార్లకు వచ్చింది. కట్టేసుడు, అర్రల పెట్టి గొళ్లెం వేసుడు, అన్నం పెట్టకుంట బెదిరించుడు మాత్రం మా దగ్గర ఎవ్వలు చేసినా ఆ రోజే బయటికి పోవాలె.

మచ్చ పడితే రాసి ఉండాలె

వచ్చెటోళ్లల్ల సగం మంది తమను ఎవ్వలన్న కొట్టిన్రా, ముట్టుకున్నరా చెప్పలేరు. ఈ పనిల నాకు నిద్ర పట్టనియ్యనిది ఇదే. అందుకే కొన్ని రూల్స్ ఉన్నయి. పొద్దుగాల వ్యాన్ దిగంగనే ఒంటి మీద దెబ్బలున్నయా చూసి రాయాలె, సాయంత్రం పంపేటప్పుడు మళ్ల చూడాలె. ఆడోళ్లకు బాత్రూంల సాయం ఆడోళ్లే చెయ్యాలె. వ్యాన్‌ల డ్రైవర్ ఒక్కడే ఉండొద్దు, ఆయా ఉండాలె. గోలీలు ఇచ్చినప్పుడు ఇద్దరు సంతకం పెట్టాలె. తల్లిదండ్రులు ఏ టైంకైనా చెప్పకుంట రావచ్చు.

చట్టం గూడ దీన్ని చిన్నగ చూడలేదు. 2016 చట్టంల సెక్షన్ 92 ప్రకారం, తన చేతి కింద ఉన్న వికలాంగ మనిషికి కావాలని తిండి, నీళ్లు ఇయ్యకపోతే ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాక జైలు పడొచ్చు. హింస జరుగుతున్నదని తెలిస్తే సెక్షన్ 7 కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు ఎవ్వలైనా సమాచారం ఇయ్యొచ్చు. సొంతోళ్లే ఇయ్యాలని లేదు, పక్కింటోళ్లు గూడ ఇయ్యొచ్చు.

ఇంకో మాట. తనిఖీకి పోయినకాడ సంఘటనల బుక్కు ఖాళీగ ఉంటే మెచ్చుకోవద్దు, అనుమానపడాలె. 32 మంది ఉన్నకాడ ఏడాదంత ఎవ్వలు పడలేదు, ఎవ్వలకు ఫిట్స్ రాలేదు, ఎవ్వలు గీరుకోలేదు అంటే జరగలేదని కాదు, రాసేటోళ్లు లేరని.

ఆయా జీతం గూడ లెక్కల్ల ఉండాలె

స్పెషల్ టీచర్‌కు 1992 చట్టం కింద ఏర్పడ్డ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాల రిజిస్ట్రేషన్ ఉండాలె. మంచిదే. కాని మనిషితోని పొద్దంత ఉండేది ఆయా. తానం, బట్టలు, అన్నం అన్నీ ఆమె చేతుల మీదనే నడుస్తయి. కూలికి పోతే ఇంతకంటే ఎక్కువొస్తయని ఆమె మానేస్తే రిజిస్టర్ల ఒక పేరు మారుతది. ఆమె సైగలకు అలవాటైన మనిషి మాత్రం మళ్ల మొదటికొస్తడు. కొత్తామె చెయ్యి పట్టుకుంటే గుంజుకుంటడు, అన్నం ముట్టడు. ఈ నష్టం ఏ రిపోర్టులకు ఎక్కది. సెంటర్లకు ఇచ్చే పైసలల్ల ఆయా జీతం, ట్రైనింగ్ గట్టిగ లేకపోతే ఎంత మంచి ప్లాన్ రాసినా నిలవడదు.

18 దాటినంక ఎక్కడికి?

చిన్నపిల్లలకు మండలాలల్ల భవిత సెంటర్లు ఉన్నయి. అవి బడి వయసు దాక. 18 నిండంగనే ఆ దారి బంద్ అయితది. మన రాష్ట్రంల వికలాంగుల పింఛన్ 2023ల 4,016 రూపాయలు చేసిన్రు. ఇంటికి అది ఆసరానే, కాదన. కాని పింఛన్ అన్నం పెడ్తది గని అన్నం తినుడు నేర్పది. నేర్చుకున్నది గూడ అలవాటు తప్పితే పోతది. పదేండ్లు బడిల నేర్చుకున్న పిల్లగాడు రెండేండ్లు ఇంట్ల మూలకు కూసుంటే తానంతట తాను దొడ్డికి పోవుడు గూడ మరిచిపోయింది నేను చూసిన.

తల్లులందరిదీ ఒక్కటే ప్రశ్న. "నేను పోయినంక వీనికెవ్వలు?" దీనికి చట్టంల కొంత జవాబు ఉంది, చాలామందికి తెల్వదు. 18 నిండితే తల్లిదండ్రులైనా చట్టం లెక్కల వాళ్లంతట వాళ్లు గార్డియన్లు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలె. గార్డియన్ అయినోళ్లు ఆర్నెల్లల్ల ఆ మనిషి ఆస్తుల జాబితా ఇయ్యాలె, ఏటా లెక్క చెప్పాలె. సరిగ చూసుకోకపోయినా, ఆస్తి తిన్నా తీసెయ్యమని కమిటీని అడగొచ్చు. గార్డియన్ అయిన్రంటే మనిషికి ఓనర్ అయినట్టు కాదు. ఇదే ట్రస్ట్ కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాక వస్తది, ముందస్తు వైద్య పరీక్షలు అక్కర్లేదు.

అయితే గార్డియన్, బీమా, పింఛన్ అన్నీ ఉన్నా పొద్దంత ఆ మనిషి ఏం చేస్తున్నడన్నది మిగిలే ఉంటది. ప్రతి నియోజకవర్గంల పెద్దోళ్ల కోసం ఒక డే సెంటర్ కావాలె. ఉన్న సెంటర్లకు తనిఖీ తీరు మారాలె. తనిఖీ ఆఫీసర్ తానే ముగ్గురి పేర్లు ఎంచుకొని, వాళ్ల ప్లాన్లు తీయించి, వాళ్ల పక్కన ఇరవై నిమిషాలు కూసోవాలె. ఒక తల్లితోని, ఒక ఆయాతోని మేనేజ్‌మెంట్ లేకుంట మాట్లాడాలె. దీనికి కొత్త జీవో ఏం అక్కర్లేదు, ఇంకో గంట టైం చాలు.

అప్పటిదాక ఆ పని తల్లిదండ్రులే చెయ్యాలె. మా బిడ్డ ప్లాన్ చూపించున్రి అని అడగాలె. పోయిన మూడు నెలలల్ల ఏం నేర్చుకున్నదో ఒక్క పని పేరు చెప్పున్రి అనాలె. ఎవ్వలు తానం చేయిస్తరో, గోలీలు ఎవ్వలు ఇస్తరో పేర్లతోని అడగాలె. వీలైతే మధ్యాహ్నం అన్నం టైంకు చెప్పకుంట పోయి జర కూసోండ్రి. చెంచా ఎవ్వల చేతిల ఉందో చూస్తే ఆ సెంటర్ సంగతి సగం తెలుస్తది.