వేరుశనగ పడనివారు ఇంట్లో ఉంటే



వేరుశనగ అనగానే విత్తనశుద్ధి, జిప్సం, తిక్కాతెగులు గూర్చి చెప్పటం మా పని. ఇవాళ మాత్రం ఆ కాయ తింటే పడనివారి సంగతి చెప్తాను. ఇదేం వ్యవసాయమండీ అని అనుకోకండి. మనం పండించిన గింజే మన బిడ్డ ప్రాణం మీదికి తెస్తే, అది మన సంగతి కాకుండా పోతుందా?

“పడదు” అన్న మాట మనం చాలావాటికి వాడతాం. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవారికి సాధారణంగా పాలలోని చక్కెర అరగదు. బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. అది ఎవరు తిన్నా చెరుపే. నేను చెప్పేది ఈ రెండూ కాదు. రోగక్రిములను ఎదిరించటానికి ఒంట్లో ఒక కాపలా ఉన్నది. కొందరిలో ఆ కాపలా వేరుశనగలోని మాంసకృత్తులను చూసి దొంగ అని పొరబడుతుంది. చేలో కావలివాడు సొంత ఎద్దునే దొంగగొడ్డనుకొని కర్ర ఎత్తినట్లు! దీనికి అలెర్జీ అని 1906లో పేరు పెట్టినవాడు ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే.

తిన్న కొద్ది నిమిషాల్లో, ఎక్కువమందికి రెండు గంటల లోపల, దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, వాంతి అవుతుంది. అంతటితో ఆగవచ్చు, ఆగకపోనూవచ్చు. పోయినసారి దద్దుర్లతో పోయింది గదా, ఈసారీ అంతేలే అనుకోవటానికి వీల్లేదు. ఉబ్బసం ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇక వంటింటి సంగతి. గింజలు వేయించినంత మాత్రాన ఈ గుణం పోదు, సరిగదా పెరుగుతుంది కూడాను. బాగా శుద్ధి చేసిన నూనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు గాని, గానుగనూనెలో కొంత మిగులుతుంది. కాబట్టి పడనివారికి గానుగనూనె వద్దు. పల్లీపచ్చడి నూరిన రోట్లోనే కొబ్బరిపచ్చడి నూరితే, ఆ కొబ్బరిపచ్చడి కూడా పనికిరాదు. రోలు, మిక్సీగిన్నె, గరిటె సబ్బుతో తోమాలి. ఉత్త నీళ్లతో తొలిపితే చాలదు. చేతులూ అంతే. కాయ ఒలిచిన చేత్తో పిల్లవాడికి ముద్ద పెట్టకూడదు.

ఇంకో చిత్రం ఉన్నది. గుత్తివంకాయ తిని నోరు దురదపెడితే మనవాళ్లు నెపం వంకాయ మీద పెడతారు. వంకాయ పడనివారూ లేకపోలేదు. అయితే ఆ కూరలో కూరినదేమిటి? పల్లీలు, నువ్వులు! వాటిని ఎవరూ అడగరు. అందుచేత ఏం తిన్నారో, ఎంతసేపటికి ఏమైందో కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. ఊరికే అనుమానపడి గుడ్డు, పాలు, పప్పు అన్నీ మాన్పిస్తే పిల్ల చిక్కిపోతుంది. “అలవాటు చేస్తే అదే పోతుంది” అని ఇంట్లో కొంచెం కొంచెం పెట్టటం అంతకంటె ప్రమాదం.

పెళ్లి పంక్తిలో “ఒక్క ముద్దకేం కాదు, తినరా అబ్బాయ్” అనే అత్తయ్యలకు ముందే చెప్పి ఉంచాలి: “వీడికి పల్లీ పడదు వదినా, ప్రాణానికే ముప్పు.” మొహమాటం పనికిరాదు. బడిలో చిక్కీ పెట్టే చోట పంతులుగారికీ, వంట చేసే అమ్మకూ కూడా చెప్పండి. పొట్లాల మీద వేరుశనగ, జీడిపప్పు వంటి పప్పులు, పాలు, గుడ్డు, చేప, రొయ్య, సోయా, గోధుమ ఉంటే అచ్చువేయాలని ఆహార భద్రత సంస్థ 2020లో నిబంధన పెట్టింది. ఆ పట్టికలో నువ్వులు లేవు. అవి పడనివారు లోపలి సరుకుల పేర్లన్నీ చదువుకోవాలి. కొట్టులో సీసాలో పెట్టి అమ్మే ఉండకు ఏ చీటీ ఉండదు, దాన్ని వదిలేయటమే మేలు.

అట్లాగని అందరి పిల్లలకూ ముందే భయపడి మాన్పించకండి. 2015లో వెలువడిన లండను పరిశోధనలో, గజ్జి వంటి చర్మవ్యాధి బాగా ఉన్న పసివాళ్లకు ఏడాది లోపే వేరుశనగ మొదలుపెట్టి పెడుతూ వస్తే, తర్వాత అలెర్జీ బాగా తగ్గింది. అటువంటి పిల్లలకు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. మెత్తని పిండిగా కలిపి పెట్టాలి గాని, గింజలు వద్దు, గొంతుకు అడ్డుపడతాయి.

గొంతు బిగిసినా, పిల్లికూతలు వచ్చినా, కళ్లు తిరిగినా ఆలస్యం వద్దు. నిమ్మరసం, మంత్రం, పసరు అంటూ కూర్చోకండి. దద్దుర్ల మాత్ర దురద తగ్గిస్తుందే గాని ఊపిరి నిలపలేదు. కావలసింది తొడ కండకు వేసే అడ్రినలిన్ సూది. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండవలసిన మందు. మీ ఊరి కేంద్రంలో ఉన్నదో లేదో ఇవాళే కనుక్కోండి. 108కి కబురు చేసి, మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి. ఊపిరాడకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టండి; నడిపించవద్దు. సూదితో కుదుటపడ్డా వెంటనే ఇంటికి తీసుకురావద్దు. కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు, కనుక డాక్టరు పొమ్మనేదాకా అక్కడే ఉండాలి.