పేటిక మారినను సరుకు చెడకుండుట

ఒక ఉపాధ్యాయుడు నల్లబల్ల యొద్ద గణితపాఠము చెప్పుచుండగా వీడియో తీసిరనుకొందము. ఆ ఫైలు కంప్యూటరులో చక్కగా కనబడును. తరగతిగదిలోని టెలివిజను మాత్రము దానిని తెరువదు. అప్పుడెవరో దానిని "కన్వర్టు" చేసి తెత్తురు. ఈసారి టెలివిజను తెరచును గాని, బల్లమీది అక్షరములు కొంచెము అలికినట్లుండును. అదే ఫైలు మరియొక పాఠశాలకు పోయి అక్కడ మరల మార్పు చెందును. ఇట్లు మూడు నాలుగు చేతులు మారునప్పటికి వత్తులు, ఘాతాంకములు, దశాంశ బిందువులు గుర్తుపట్ట వీలులేకుండ పోవును. వెనుక బెంచీలోని విద్యార్థికి వర్గమేదో ఘనమేదో తెలియదు. ఈ నష్టములో చాలభాగము అనవసరముగా తెచ్చుకొన్నది. పెక్కు సందర్భములలో మార్చవలసినది బొమ్మను కాదు, బొమ్మ నుంచిన పేటికను మాత్రమే.

ఫైలు పేరు చివర కనబడు ఎం.పి.4, ఎం.కె.వి., ఏ.వి.ఐ. మున్నగునవి పేటికల పేర్లు. వీనినే కంటైనర్లందురు. పేటికలో బొమ్మల ప్రవాహ మొకటి, ధ్వని ప్రవాహ మొకటి, ఒక్కొక్కప్పుడు ఉపశీర్షికలును ఉండును. బొమ్మలను ఏ పద్ధతిలో కుదించిరన్నది వేరు విషయము. ఆ పద్ధతిని కోడెక్ అందురు. 2003లో ప్రమాణముగా వెలువడిన హెచ్.264 అట్టిది. హెచ్.264 పద్ధతిలో కుదించిన బొమ్మలను ఎం.పి.4లో నుంచవచ్చును, ఎం.కె.వి.లోను ఉంచవచ్చును. జాడీలోని ఆవకాయను సీసాలోనికి తీసినంతమాత్రమున దాని రుచి మారదు గదా!

కుదించుట ఎందుకని అడుగవచ్చును. ఒక్కొక్క బొమ్మలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలున్నచో మొత్తము 20,73,600 చుక్కలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులకు చుక్కకు మూడు బైట్లు చొప్పున ఒక బొమ్మకు 62,20,800 బైట్లు కావలెను. సెకనుకు 25 బొమ్మల చొప్పున 45 నిమిషముల పాఠమునకు దాదాపు 420 గిగాబైట్లగును. అదే పాఠమును సెకనుకు 40 లక్షల బిట్ల వేగముతో కుదించినచో 1.35 గిగాబైట్లలో ఇమిడిపోవును. అనగా మూడువందల వంతులలో ఒక వంతుకు తగ్గినది. ఇంత తగ్గింపు ఊరక రాదు. కంటికి అంతగా తెలియని వివరములను వదలివేసియే దీనిని సాధింతురు.

వదలుట యెట్లో ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. బొమ్మలోని ఒక వివరమును తెలుపు సంఖ్య 37 అనుకొందము. కుదించు యంత్రము సంఖ్యలను 10 యొక్క గుణిజములుగా మాత్రమే దాచునెడల 37 కాస్త 40 యగును, దోషము 3. ఈ ఫైలును విప్పి, 7 యొక్క గుణిజములతో మరల కుదించినచో 40 పోయి 42 వచ్చును, దోషము 5. రెండవ యంత్రము మొదటిదానికంటె సూక్ష్మముగా కొలిచినను దోషము పెరిగినదని గమనింపవలెను. అసలు సంఖ్య 37 అన్న సంగతి దానికి తెలియదు. ప్రతిసారియు దోషము పెరుగునని నియమము లేదు గాని, ఒకసారి పోయిన 37 ఎన్నిసార్లు కుదించినను తిరిగి రాదు. "హెచ్చు నాణ్యత" అను మీట నొక్కి మార్చినచో బొమ్మ బాగుపడునను నమ్మకము వట్టిది. ఫైలు లావగును, అంతే.

ఇక పేటిక చేయు పని చూతము. ఏ బొమ్మ ఫైలులో ఎక్కడ మొదలగును, ఎన్ని బైట్లున్నది, ఏ క్షణమున చూపవలెను, దానితోపాటు ఏ ధ్వని వినబడవలెను అను పట్టిక దానియొద్ద నుండును. కుదింపులో కొన్ని బొమ్మలు తమకు వెనుకటి బొమ్మలపైననే కాక, ముందు రాబోవు బొమ్మలపైన కూడ ఆధారపడును. అందుచే విప్పు వరుస వేరు, చూపు వరుస వేరు. 1992లో మైక్రోసాఫ్టు వారు తెచ్చిన ఏ.వి.ఐ.లో బొమ్మబొమ్మకు కాలమును వ్రాసి యుంచు ఏర్పాటు లేనందున ఇట్టి బొమ్మలతో అది ఇబ్బంది పడును. ఎం.పి.4కు మూలము ఆపిల్ వారి క్విక్‌టైం, 1991 నాటిది. ఎం.కె.వి. అను మట్రోష్కా 2002లో పుట్టినది. ఒకదానిలో నొకటి ఇమిడియుండు రష్యను చెక్కబొమ్మను తలపించు పేరది. టెలివిజను ప్రసారములలో వాడు టి.ఎస్. పేటిక 188 బైట్ల చిన్న పొట్లములుగా నుండును. ప్రతి పొట్లములో కనీసము 4 బైట్లు చిరునామాకే పోవును.

సాధారణపు ఎం.పి.4లో ఆ పట్టికను రికార్డింగు ముగిసిన తరువాతనే వ్రాయుదురు. నడుమ కరెంటు పోయినచో బొమ్మలన్నియు డిస్కులో ఉన్నను పట్టిక లేక ఫైలు తెరచుకొనదు. ఎం.కె.వి., టి.ఎస్. పేటికలలో అంతవరకు వ్రాసినది దక్కును. కావున పాఠమును ఎం.కె.వి.లో రికార్డు చేసి, పిమ్మట ఎం.పి.4లోనికి మార్చుకొనుట మేలు. ఉచితముగా దొరకు ఓ.బి.ఎస్. అను సాఫ్టువేరులో ఇందుకు ప్రత్యేకముగా 'రీమక్స్' అను అంశమే కలదు.

పేటిక మార్చునప్పుడు లోన ఏమి జరుగును? టి.ఎస్.లో హెచ్.264 ముక్కల నడుమ 0, 0, 1 అను మూడు బైట్లు హద్దురాయి వలె నుండును. ఎం.పి.4లో ఆ రాయి నుండదు; ముక్కకు ముందు దాని పొడవు వ్రాయబడి యుండును. రీమక్స్ చేయు సాఫ్టువేరు హద్దురాళ్లను తీసి పొడవులు వ్రాసి, కొత్త పట్టిక తయారు చేయును. బొమ్మను విప్పదు, కుదించదు. అందుచే గంట పాఠము కూడ డిస్కు చదివి వ్రాయునంత కాలములోనే ముగియును. ఇదొక మంచి గుర్తు: కంప్యూటరు చాలసేపు ఆయాసపడినచో అది పేటిక మార్పు కాదు, మరల కుదింపు.

2000లో ఫాబ్రిస్ బెలార్ ప్రారంభించిన ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ అను సాఫ్టువేరు ఈ పనికి ప్రసిద్ధము. కోడెక్ ఏదని అడుగు చోట 'కాపీ' అని వ్రాయుటయే అందలి కిటుకు. అట్లు వ్రాయనిచో అది తన యిష్టమువచ్చిన కోడెక్‌తో మరల కుదించును. ఇంకొక జాగ్రత్త కలదు. ప్రత్యేకముగా చెప్పనిదే అది ఒక్కొక్క రకమునకు ఒక్క ప్రవాహమునే తీసికొనును. పాఠమునకు తెలుగు, ఆంగ్ల ధ్వనులు రెండును ఉన్నచో ఒకటి చడిచప్పుడు లేక జారిపోవును. అన్నిటిని తెమ్మనుటకు 'మ్యాప్ సున్న' అని ఆజ్ఞ నీయవలెను.

అన్ని సరుకులును అన్ని పేటికలలో పట్టవు. 2010లో గూగుల్ వారు విడుదల చేసిన వెబ్ఎం హెచ్.264ను ఒప్పదు. అలంకారములతో కూడిన ఉపశీర్షికలు ఎం.కె.వి. నుండి ఎం.పి.4కు వచ్చునప్పుడు వట్టి అక్షరములుగా మారును. టెలివిజనుకు కోడెక్కే తెలియనిచో పేటిక ఎన్నిమార్లు మార్చినను ఫలము లేదు. అప్పుడు మరల కుదింపక తప్పదు, అదియు అసలు ఫైలు నుండియే ఒక్కసారి చేయవలెను. ఫైలు పేరు చివర మూడక్షరములు దిద్దుట పేటిక మార్పు కానేకాదు. కొన్ని సాఫ్టువేర్లు పేరును చూడక ఫైలు మొదటి బైట్లను చూచి తెరచుటచే ఈ భ్రమ నిలిచియున్నది.

టి.ఎస్. నుండి ఎం.పి.4కు మార్చిన ఫైలు కొంచెము చిన్నదగును. నాణ్యత పోయినదని కలవరపడ నక్కరలేదు. తగ్గినది ఆ చిరునామాల బరువు. సందేహమున్నవారు ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ చేతనే రెండు ఫైళ్లలోని ప్రతి బొమ్మను విప్పించి, బొమ్మకొక 32 అంకెల ముద్ర చొప్పున వ్రాయించి పోల్చవచ్చును. హెచ్.264లో విప్పు లెక్కలన్నియు పూర్ణాంకములతోనే జరుగును గనుక ఉజ్జాయింపులకు తావు లేదు. బొమ్మలో ఒక్క చుక్క రంగు మారినను ముద్ర మారిపోవును. పేటిక మాత్రమే మారినచో 45 నిమిషముల పాఠములోని 67,500 ముద్రలును ఒకదానికొకటి సరిపోవును.