విమానయానంలో కృత్రిమ మేధ: గన్నవరం గేటు నుంచి కాక్‌పిట్ దాకా

విమానయాన రంగంలో కృత్రిమ మేధ ప్రయాణికుడికి మొదట ఎదురయ్యేది టెర్మినల్ గుమ్మం దగ్గరే. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసి విమానాశ్రయాల్లో మొదలైన, ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజి యాత్ర మరుసటి ఏడాదికల్లా హైదరాబాద్, కోల్‌కతా, పుణెలతో పాటు విజయవాడ విమానాశ్రయమైన గన్నవరానికీ వచ్చింది. తొలి విడత ఏడింటిలో గన్నవరానికి చోటు దక్కడం విశేషమే. జి.కొండూరు వైపు వారికి దగ్గరి విమానాశ్రయం గన్నవరం. నందిగామ, జగ్గయ్యపేట వారు విదేశాలకు బయల్దేరితే హైదరాబాద్ హైవే పట్టుకుని శంషాబాద్ చేరుతుంటారు. డిజి యాత్ర రెండు చోట్లా ఉంది కానీ దేశీయ ప్రయాణాలకు మాత్రమే.

ప్రయాణికుడు ముందుగా ఫోన్‌లో యాప్ వేసుకుని, ఆధార్‌తో ధ్రువీకరణ పూర్తిచేసి, సెల్ఫీ దిగి, బోర్డింగ్ పాస్ జతచేస్తాడు. గేటు దగ్గర నిలబడి కెమెరా వైపు చూస్తే రెక్కలు తెరుచుకుంటాయి. ఆ రెండు మూడు క్షణాల్లో చాలా పనే జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ముందు బొమ్మలో ముఖం ఎక్కడుందో వెతికి, తల వంపును సరిచేస్తుంది. తర్వాత, లెక్కలేనన్ని ముఖాల మీద శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ ఆ ముఖాన్ని అంకెల వరుసగా మారుస్తుంది. ఒకే మనిషిని ఏ వెలుతురులో తీసినా ఆ అంకెలు దగ్గరదగ్గరగా వస్తాయి, వేరే మనిషివైతే ఎడంగా ఉంటాయి. ఆ ఎడం ముందే పెట్టుకున్న హద్దు దాటకపోతే గేటు తెరుచుకుంటుంది. హద్దు మరీ బిగిస్తే అసలు మనిషే బయట నిలబడిపోతాడు. వదులు చేస్తే పోలికలున్న మరొకడు లోపలికి పోతాడు. ఎంత బిగించాలన్నది యంత్రం తేల్చదు, నడిపేవారే తేల్చాలి.

ముఖం పాస్‌వర్డ్ లాంటిది కాదు, పోతే మార్చుకోలేం. అందుకే గోప్యత గురించి ప్రశ్నలు మొదటి నుంచీ ఉన్నాయి. దీన్ని నడిపే డిజి యాత్ర ఫౌండేషన్ 2019లో ఏర్పడింది. అందులో భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ వాటా 26 శాతం. మిగతాది హైదరాబాద్ సహా ఐదు విమానాశ్రయాల కంపెనీలది. వివరాలు ప్రయాణికుడి ఫోన్‌లోనే ఉంటాయనీ, విమానాశ్రయానికి పంపినవి విమానం బయల్దేరిన 24 గంటల్లో చెరిపేస్తారనీ నియమం. వాడకం స్వచ్ఛందం. అయినా, విషయం చెప్పకుండానే గేట్ల దగ్గర ఫొటో తీశారన్న ఫిర్యాదులు పత్రికలకెక్కాయి. వద్దనుకున్నవారు మామూలు వరుసలో ఐడీ కార్డు చూపించి వెళ్లొచ్చు.

ప్రయాణికుడి కంటికి ఆననిది మరోటి శంషాబాద్‌లో ఉంది. 2024 డిసెంబరులో పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు అక్కడ కృత్రిమ మేధతో పనిచేసే ముందస్తు అంచనాల కేంద్రాన్ని ప్రారంభించారు. విమానాశ్రయం మొత్తానికీ కంప్యూటర్‌లో ఒక నకలు ఉంటుంది. భద్రతా తనిఖీ దగ్గర వరుస ఎంత పెరిగింది, ఏ విమానం ఆలస్యంగా దిగుతోంది, సామాను బెల్టు ఎక్కడ నిండిపోతోంది అన్నవి ఎప్పటికప్పుడు ఆ నకలులోకి చేరతాయి. మరికాసేపట్లో రద్దీ ఎటు తిరుగుతుందో చూసి సిబ్బందిని ముందే సర్దడం దీని ఉద్దేశం.

అసలు డబ్బు, భద్రత రెండూ ముడిపడి ఉన్నది ఇంజన్ దగ్గర. ఆధునిక ఇంజన్‌లో సెన్సర్లు ఉష్ణోగ్రత, కంపనం, చమురు పీడనం లాంటివి ఎడతెగకుండా నమోదు చేస్తుంటాయి. వీటిలో ముఖ్యమైనది బయటికి వచ్చే వాయువుల వేడి. లోపలి బ్లేడ్ల అంచులు అరిగినా, దుమ్ము పేరుకున్నా అదే శక్తి రావడానికి ఎక్కువ ఇంధనం మండాలి, అప్పుడు వేడి పెరుగుతుంది. కానీ రోహిణి కార్తె ఎండలో గన్నవరం నుంచి లేచే విమానం ఇంజన్ ఎలాగూ వేడెక్కుతుంది. అది ఎండ వల్లా, అరుగుదల వల్లా? ఆ రోజు వాతావరణం, బరువు, ఎత్తు లెక్కలోకి తీసుకుని, ఈ పరిస్థితుల్లో ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఎంత వేడెక్కాలో మోడల్ చెబుతుంది. అసలు అంకె దానికంటే నెలనెలా కొద్దికొద్దిగా పైకి జరుగుతుంటే, చెడిపోకముందే విప్పి చూస్తారు.

ఇక్కడ ఒక చిక్కుంది. విమాన ఇంజన్లు చాలా అరుదుగా చెడిపోతాయి. ప్రయాణికులకు అది మంచిదే, నేర్చుకోవాల్సిన యంత్రానికి మాత్రం ఉదాహరణలు చాలవు. అందుకే చాలా మోడళ్లకు వైఫల్యాన్ని కాక మామూలు స్థితిని నేర్పి, దాని నుంచి పక్కకు తప్పినదాన్ని పట్టుకోమంటారు. అలా పట్టుబడిన ఇంజన్ చేరేది మరమ్మతు కేంద్రానికి. 2025 నవంబరు 26న శంషాబాద్ జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కులో ప్రధాని నరేంద్ర మోదీ వర్చువల్‌గా ప్రారంభించిన, ఇంజన్ల సంస్థ సఫ్రాన్ కేంద్రం లీప్ ఇంజన్ల మరమ్మతు కోసమే. 2035 నాటికి ఏడాదికి 300 ఇంజన్లు బాగుచేయాలన్నది దాని లక్ష్యం. ఇలాంటి రిపేరు పనిలో సన్నటి గొట్టం కెమెరాను ఇంజన్ లోపలికి దూర్చి బ్లేడ్లను ఫొటోలు తీస్తారు. వేల ఫొటోల్లో సన్న పగులును వెతకడం మనిషి కంటికి శ్రమ. అందుకే ముందుగా జల్లెడ పట్టే పని సాఫ్ట్‌వేర్‌కు ఇస్తున్నారు, తుది మాట ఇంజనీరుదే.

వాతావరణ అంచనాల్లో ఏఐతో మార్పు వేగంగా వచ్చింది. పౌష మాసపు పొగమంచులో గన్నవరం మీద విమానాలు చక్కర్లు కొట్టడం, ఒక్కోసారి హైదరాబాద్‌కు మళ్లడం స్థానికులకు తెలిసిందే. గూగుల్ డీప్‌మైండ్ 2023లో గ్రాఫ్‌కాస్ట్ అనే వాతావరణ మోడల్‌ను చూపితే, యూరప్ వాతావరణ కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన సొంత ఏఐ మోడల్‌ను రోజువారీ వాడకంలోకి తెచ్చింది. గాలుల అంచనా మెరుగైతే ఇంధనమూ ఆదా అవుతుంది. ఒక్క ఊరి మీద దిగే పొగమంచు మాత్రం ఇంకా కష్టమైన లెక్కే.

టికెట్ ధరలు, చాట్‌బాట్ల గురించి క్లుప్తంగా చెప్పొచ్చు. గిరాకీ చూసి ధర మార్చే పద్ధతి 1980ల నాటిదే, ఏఐ దాన్ని మరింత చురుకు చేసింది. చాట్‌బాట్ తప్పు చెబితే ఎవరిది బాధ్యత అన్న ప్రశ్నకు 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక ట్రైబ్యునల్ జవాబిచ్చింది: ఎయిర్ కెనడాదే.

సిబ్బంది డ్యూటీల పట్టిక వేయడం కంప్యూటర్లకు పాత పనే. దాని పరిమితి 2025 డిసెంబరులో అందరికీ కనిపించింది. పైలట్లకు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచిన నిబంధనలు పూర్తిగా అమల్లోకి వచ్చాక ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసింది, శంషాబాద్‌లోనూ జనం నేల మీదే పడుకున్నారు. ఉన్న పైలట్లను ఎంత నేర్పుగా సర్దినా, లేని పైలట్లను ఏ లెక్కా పుట్టించలేదు.

ఇక కాక్‌పిట్. ఆటోపైలట్ కృత్రిమ మేధ కాదు. ముందే రాసిన నియమాల ప్రకారం నడిచే పాత యంత్రాంగం అది. 346 మంది మరణానికి కారణమైన బోయింగ్ 737 మ్యాక్స్ ప్రమాదాల్లోని ఎంక్యాస్ అనే నియంత్రణ వ్యవస్థ కూడా నేర్చుకునే యంత్రం కాదు. ఒకే సెన్సర్ మాటను నమ్మిన మామూలు సాఫ్ట్‌వేర్. ఎయిర్‌బస్ 2020లో కెమెరాలు, బొమ్మలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో ఎ350ను తనంతట తానే లేచి దిగేలా చేసి చూపింది. అయినా అది ప్రయోగంగానే మిగిలింది. విమాన సాఫ్ట్‌వేర్‌కు అనుమతి రావాలంటే ప్రతి పరిస్థితిలో అది ఏం చేస్తుందో రుజువు చూపాలి. న్యూరల్ నెట్‌వర్క్ ఎందుకలా నిర్ణయించిందో చెప్పడమే కష్టం, రుజువు ఇంకా దూరం. సుదూర ప్రయాణాల్లో నడిమధ్య ఒక్క పైలట్ చాలునా అని పరిశీలించిన యూరప్ విమాన భద్రతా సంస్థ, ఇద్దరు ఉన్నప్పటి భద్రతకు అది సమానమని ఇప్పటి కాక్‌పిట్‌లతో నిరూపించలేమని 2025లో తేల్చింది.