ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ విమాన నియంత్రణలు

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ విమాన నియంత్రణలు అనేవి విమానం నడిపేటప్పుడు పైలటు చేతులకు, పాదాలకు తెలిసే బలాన్ని సిమ్యులేటరులో మోటార్ల ద్వారా కల్పించే పరికరాలు. ఇంట్లో కాక్‌పిట్ నమూనాను నిర్మించుకొనే ఔత్సాహికులు కొందరు వీటిని స్వయంగా తయారు చేసుకుంటారు.

ఆవశ్యకత

సెస్నా 172 వంటి చిన్న విమానాలలో పైలటు చేతిలోని యోక్ నుండి తోక వద్ద ఉండే ఎలివేటరు వరకు ఉక్కు తీగలు ఉంటాయి. ఎలివేటరుపై గాలి కలిగించే ఒత్తిడి ఈ తీగల ద్వారా తిరిగి చేతికి చేరుతుంది. ఈ ఒత్తిడి వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా వేగం రెట్టింపైతే ఎలివేటరును అంతే కోణానికి కదిలించడానికి సుమారు నాలుగు రెట్ల బలం కావాలి. వేగం బాగా తగ్గినప్పుడు యోక్ తేలికగా, వదులుగా తోస్తుంది. స్టాల్ సమీపిస్తున్నదని తెలిపే సూచనలలో ఇది ఒకటి.

సాధారణ జాయ్‌స్టిక్కులో స్ప్రింగు మాత్రమే ఉంటుంది. విమానం నేలపై నిలిచి ఉన్నా, అతివేగంగా ఎగురుతున్నా దాని బలం ఒక్కటే. ట్రిమ్ విషయంలోనూ తేడా ఉంది. నిజమైన విమానంలో యోక్‌ను కావలసిన స్థానంలో పట్టుకొని, చేతిపై భారం పోయేవరకు ట్రిమ్ చక్రాన్ని తిప్పుతారు. స్ప్రింగు మధ్యస్థానం మారదు కనుక సిమ్యులేటరులో ట్రిమ్ చేస్తూ జాయ్‌స్టిక్కును వెనుకకు వదలవలసి వస్తుంది. దీనివల్ల అభ్యాసకునికి తప్పు అలవాటు ఏర్పడే అవకాశం ఉంది.

అయితే అన్ని విమానాలకు ఈ ఏర్పాటు అవసరం లేదు. ఎయిర్‌బస్ ఏ320 సైడ్‌స్టిక్కులో గాలి ఒత్తిడి చేతికి చేరదు. అందులో ఉన్నదీ స్ప్రింగే.

చరిత్ర

అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్ 1929లో తొలి శిక్షణ సిమ్యులేటర్లలో ఒకటైన లింక్ ట్రెయినరును నిర్మించాడు. గృహ వినియోగానికి మైక్రోసాఫ్ట్ సంస్థ 1997లో సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ప్రో జాయ్‌స్టిక్కును విడుదల చేసింది. తరువాత చాలాకాలం ఇటువంటి పరికరాలు మార్కెట్లో అరుదయ్యాయి. 2020ల దశకంలో మోజా ఏబీ9 వంటివి వచ్చాయి.

నిర్మాణం

ముందుగా కావలసిన బలాన్ని లెక్కించాలి. ఉదాహరణకు, 50 సెంటీమీటర్ల పొడవున్న స్టిక్కు కొనవద్ద 40 న్యూటన్ల బలం కావాలంటే, దాని ఇరుసు వద్ద 20 న్యూటన్ మీటర్ల టార్క్ ఉండాలి. 5:1 నిష్పత్తి గల పుల్లీలు, బెల్టు అమర్చితే మోటారు 4 న్యూటన్ మీటర్లు ఇస్తే చాలు. నిష్పత్తిని ఇంకా పెంచితే చిన్న మోటారు సరిపోతుంది. కానీ మోటారు జడత్వం స్టిక్కు వద్ద నిష్పత్తి వర్గం మేరకు, అనగా 5:1కి 25 రెట్లు, అధికంగా తెలుస్తుంది. అప్పుడు స్టిక్కు మొద్దుగా కదులుతుంది. అందువలన నిష్పత్తి తక్కువగా, బేరింగులలో ఘర్షణ స్వల్పంగా ఉండాలి.

స్టిక్కు స్థానాన్ని ఎన్‌కోడరు కొలుస్తుంది. వేగం, ట్రిమ్ వంటి వివరాలను సిమ్యులేటరు ప్రోగ్రాము పంపుతుంది. మైక్రోకంట్రోలరు ఈ రెండింటి నుండి బలాన్ని గణించి మోటారుకు ఆదేశమిస్తుంది. ట్రిమ్ మార్చినప్పుడు బలం శూన్యమయ్యే స్థానమే జరుగుతుంది. ప్రోగ్రాము నుండి వివరాలు సెకనుకు కొన్ని పదుల సార్లు అందినా, మోటారు బలాన్ని సెకనుకు సుమారు 1000 సార్లు సరిచూడటం మేలు. ఆలస్యమైతే స్టిక్కు దానంతట అదే కంపిస్తుంది. దీనిని అణచడానికి కదలిక వేగానికి తగిన వ్యతిరేక బలాన్ని కొద్దిగా కలుపుతారు.

భద్రత

ప్రోగ్రాములో చిన్న దోషం ఉన్నా స్టిక్కు హఠాత్తుగా తిరిగి వేళ్ళను, మణికట్టును గాయపరచవచ్చు. కనుక మోటారు విద్యుత్తుకు గరిష్ఠ పరిమితి విధించాలి. చేతికందే దూరంలో అత్యవసర స్విచ్చు ఉండాలి. కంప్యూటరు నుండి సమాచారం ఆగిపోతే మోటారు బలం దానంతట అదే తొలగిపోవాలి. స్టిక్కు కదలికకు రెండు చివరలా రబ్బరు అడ్డులు అమర్చాలి. చేతితో బలంగా తిప్పినప్పుడు మోటారు జనరేటరుగా మారి సరఫరా వోల్టేజిని పెంచుతుంది. ఆ శక్తిని గ్రహించడానికి రెసిస్టరు ఉంచడం మంచిది. మొదటి పరీక్షలను స్వల్ప బలంతో, స్టిక్కును పట్టుకోకుండా జరపాలి.