పడవ అడుగున పంపు

హుగ్లీ నదిలో నాటుపడవ నడిపేవారు డబ్బాతో అడుగునీరు తోడిపోయడం కోల్‌కతా వెళ్లినవారు చూసే ఉంటారు. తెరచాప పడవల్లో ఈ పనికి బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఉంటుంది. పడవలో అన్నిటికంటే పల్లమైన చోటును బిల్జ్ అంటారు. వాననీరు, అలల తుంపర, ఎక్కడ కారినా చివరికి అక్కడికే చేరతాయి.

ముందు ఒక లెక్క చూద్దాం. నీటిమట్టానికి అర మీటరు దిగువన 25 మిల్లీమీటర్ల వ్యాసంగల రంధ్రం పడిందనుకోండి. టారిసెల్లి సూత్రం ప్రకారం నీరు సెకనుకు 3.1 మీటర్ల వేగంతో లోపలికి దూకుతుంది. అంచుల వద్ద ధార సన్నబడుతుందని తగ్గించి లెక్కవేసినా నిమిషానికి సుమారు 55 లీటర్లు! గంటకు 2,000 లీటర్లని రాసివున్న పంపు తోడేది నిమిషానికి 33 లీటర్లే. అదీ నీటిని పైకి ఎత్తనక్కరలేనప్పటి మాట. కాబట్టి ఇలాంటి పంపు రంధ్రం మూయడానికి మనకు కొంత వ్యవధి ఇస్తుందంతే. ఆ వ్యవధి దక్కాలంటే పంపు బిగించినచోటే నిలవాలి.

ఎందుకంటే ఇది అపకేంద్ర పంపు. తిరిగే రెక్కలు నీటిని అంచుకు విసరడంవల్ల పీడనం పుడుతుంది. ఆ పీడనం విసిరే పదార్థపు సాంద్రతను బట్టి ఉంటుంది. గాలి నీటికంటే దాదాపు 800 రెట్లు తేలిక. పంపు ఊడి పక్కకు పడి రెక్కల్లో గాలి చేరితే మోటారు గిర్రున తిరుగుతూనే ఉంటుంది, చుక్క కూడా పైకెక్కదు.

అలాగని పడవ అడుగుకే నేరుగా మరలు దించకండి. నీరు తోడే సాధనం కోసం నీటికే దారి చేసినట్టవుతుంది! అడుగును జిడ్డు లేకుండా తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, ఒక మందపాటి పలకను ఎపాక్సీ జిగురుతో అతికించాలి. పూర్తిగా గట్టిపడ్డాక పంపు పీఠాన్ని ఆ పలకకు స్టెయిన్‌లెస్ స్టీలు మరలతో బిగించాలి. మర పొడవు పలక మందంకంటే తక్కువే ఉండాలి. హుగ్లీ నీటిలో ఒండ్రు ఎక్కువ. పీఠం కదపకుండా పంపును విడదీసి జల్లెడ కడగగలిగితే మేలు.

2017-18లో ‘తారిణి’ తెరచాప నౌకపై ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. అలాంటి దూరప్రయాణాల్లో పడవ గంటలకొద్దీ ఒకేవైపు ఒరిగి సాగుతుంది. పంపు గొట్టం చివర అప్పుడు కూడా నీటిమట్టానికి పైనే ఉండాలి. మునిగిందా, పంపు ఆగగానే సైఫన్ పద్ధతిలో బయటి నీరే లోపలికి వస్తుంది.

అన్నీ బిగించాక బిల్జ్‌లో ఒక బకెట్ నీళ్లు పోయండి. ఫ్లోట్ స్విచ్ తనంతట తానే మోటారును నడిపి, నీరు పోయాక ఆపుతోందో లేదో చూడండి.